యాదయ్య షెడ్డులో నా కెమిస్ట్రీ

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, జరిగిన అనర్థానికి మూలం అదే. బందరు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఎవరో వాడి వదిలించుకున్న మారుతి కారు కొనుక్కున్నాను. ఆ కారు పుణ్యాన మదీనాగూడ యాదయ్య నాకు దాదాపు చుట్టమైపోయాడు.

యాదయ్యది మెదక్ వైపు. లారీ క్లీనరుగా మొదలై, డ్రైవరై, చివరికి బొంబాయి హైవే పక్కన నాలుగు రేకులు వేసుకుని మెకానిక్కుగా స్థిరపడ్డాడు. మాట తక్కువ. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. అప్పుడు మనం రోగలక్షణాలు వివరించబోతే చెయ్యెత్తి ఆపుతాడు. నన్ను చాలాసార్లు ఆపాడు.

తొంభై తొమ్మిది వేసవిలో నా కారు నీళ్లు కార్చడం మొదలుపెట్టింది. కార్బురేటరు నుంచి పెట్రోలూ గాలీ ఇంజన్లోకి వెళ్లేది మ్యానిఫోల్డ్ అనే ముక్కలోంచి. వేడినీళ్లూ అందులోంచే పోతాయి. లీకు దాని అతుకు దగ్గర. యాదయ్య దాన్ని విప్పి, అంచులు నున్నగా గీకి, మధ్యలో పెట్టే కొత్త ప్యాకింగ్ అట్ట చేతిలోకి తీసుకున్నాడు. నేను జేబులోంచి సిలికాన్ పేస్టు ట్యూబు తీశాను. రాణిగంజ్ స్పేర్‌పార్టుల దుకాణాలన్నీ తిరిగి, వెనకున్న సన్నక్షరాలు చదివి మరీ ఎంచుకున్న ట్యూబు అది.

“గది నీళ్ల కాడైతే సరే సారూ. పెట్రోలు తగిలే కాడ నిలవది. ఉబ్బి ఊడొస్తది. ప్యాకింగ్ ఒక్కటి చాలు,” అన్నాడు యాదయ్య.

“అసలు సిలికాన్ అంటే ఏమిటో తెలుసా యాదయ్యా?” అని అందుకున్నాను. ఇరవై నిమిషాల ఉపన్యాసం. అందులో పెట్రోలు ప్రస్తావన ఒక్కసారి కూడా రాలేదు. యాదయ్య మళ్లీ వద్దన్నాడు. నేనే పూస్తానన్నాను. మూడోసారి చెప్పడం అతని పద్ధతి కాదు. “ఇగ మీ ఇష్టం సారూ,” అని పక్కకు జరిగాడు.

నీళ్లు ఆగిపోయాయి. నా ఘనత స్టాఫ్ రూములో మూడు వారాలు వినిపించాను. నాలుగో వారం కారు ప్రతి సిగ్నల్ దగ్గరా ఆయాసపడి ఆగిపోవడం మొదలుపెట్టింది. పేస్టు ఊడిన సందుల్లోంచి ఇంజను గాలి పీలుస్తోంది. దగ్గించుకుంటూ షెడ్డుకు చేర్చేసరికి అక్కడ చలపతిరావు గారనే పెద్దమనిషి నిలబడి ఉన్నారు.

ఆయన డిపోలో బస్సు ఇంజన్లు చూసి రిటైరైన మనిషి. మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఒక కంప్యూటర్ కంపెనీకి వాహనాలు చూస్తున్నారు. వాళ్ల మూడు వ్యాన్ల మరమ్మతు యాదయ్యకు ఇవ్వవచ్చో లేదో చూడటానికి వచ్చారు. కొత్త వర్క్‌షాపులు వచ్చి యాదయ్యకు బేరాలు పలచబడ్డాయి. ఈ వ్యాన్లు రాకపోతే షెడ్డు మూసి మళ్లీ లారీ ఎక్కాల్సిందేనని నాతో అని వారం కాలేదు.

చలపతిరావు గారు నా బానెట్ ఎత్తించి, అతుకుల్లోంచి ఉబ్బి వేలాడుతున్న పేస్టును గోటితో గిల్లారు.

“ఇది బిగించింది ఎవరు?”

“నా షెడ్డులనే అయింది సారూ. నాదే తప్పు,” అన్నాడు యాదయ్య, నా వైపు చూడకుండా.

నలభై అయిదు నిమిషాలు నీళ్లు తాగకుండా మాట్లాడగల నేను బానెట్ కడ్డీ సరిచేస్తూ నిలబడ్డాను. పరువు అడ్డొచ్చింది. సిగ్గేసింది. చలపతిరావు గారు తల అడ్డంగా ఊపి తన స్కూటరు వైపు నడిచారు. అప్పుడు పరిగెత్తాను.

“పేస్టు పూసింది నేనండి. అతను వద్దన్నాడు.”

ఆయన నన్ను ఆపాదమస్తకం చూశారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. “మీది మంచి మనసండి. పనివాణ్ణి వెనకేసుకొస్తున్నారు.”

తెలివైనవాణ్ణని నమ్మించడానికి జీవితమంతా కష్టపడ్డవాణ్ణి. మూర్ఖుణ్ణని నమ్మించడం ఇంకా కష్టమని ఆ రోజే తెలిసింది. చెయ్యి పట్టుకుని ఆయన్ను వెనక్కి లాక్కొచ్చాను. తుక్కులోంచి ఒక పాత మ్యానిఫోల్డ్ లాగి, కార్లోంచి ట్యూబు తెచ్చి, ఆ రోజు ఎలా పూశానో అలాగే పూశాను. ఇడ్లీ మీద చట్నీ కూడా ఎవరూ అంత వేసుకోరు. దాని మీద ఒక పాత ప్యాకింగ్ అట్ట పెట్టి అదిమాను. పేస్టు పెట్రోలు పోయే రంధ్రాల్లోకి దిగింది.

యాదయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. చలపతిరావు గారు చూపుడువేలు రంధ్రంలో పెట్టి, వానపామంత పేస్టు బయటికి తీసి, కాసేపు దాన్నే చూశారు.

“చాలండి. నమ్మాను,” అన్నారు. తర్వాత యాదయ్య వైపు తిరిగారు. “సోమవారం వ్యాన్లు పంపిస్తాను. ఈయన్ని మాత్రం వాటి దరిదాపులకు రానివ్వకు.”

ఎమ్మెస్సీ పట్టా అందుకున్న రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.