పాదం చివర ఆగడం

కొత్త కందులు మిల్లుకు చేరే రోజుల్లో, పొట్టు వాసన, నాపరాళ్లు కోసే చోటి తడిదుమ్ము వాసన కలిసి తాండూరులో మా వీధి మలుపు దాకా వస్తాయి. మొన్న శనివారం గుడికి పోతుంటే ఆ వాసనకే నాకు మా బడి వెనక గోడ, మల్లమ్మ గొంతు, నా కడుపుమంట గుర్తొచ్చాయి.

నాన్నది కందుల వ్యాపారం. శ్రావణంలో ప్రతి శనివారం మా ఇంట్లో భజన. నానమ్మ చిడతలు వాయిస్తూ ఒక పాదం చెప్పి ఆగితే, తడి తులసి, కర్పూరం, బెల్లం కలిపిన అటుకుల వాసనల మధ్య ఇంటినిండా కూర్చున్నవాళ్లం అదే పాదం అందుకునేవాళ్లం. ఆ సత్సంగమే నా మొదటి బడి. స్వామి నాకు గొంతు ఇచ్చింది తన కోసమేనని నమ్మేదాన్ని.

ఒక ఏడు కందులొచ్చే రోజుల్లోనే, వికారాబాద్‌లో శ్లోకాల పోటీకి మా బడి నుంచి ఒక్కరినే పంపుతారనగానే, నేనే పోతాననుకుని కొత్త పరికిణీ కుట్టించుకున్నాను. అయితే సరోజ టీచర్ పరీక్ష వేరు. ఎవరి పిల్లలో కనబడకూడదని ఆమె గోడవైపు తిరిగి నిలబడేది; మేం ఆమె వెనక ఒక్కొక్కరం పాడాలి. నేను ఒక పాదం పాడి, ఇంట్లో అలవాటుకొద్దీ ఆగాను. ఎవరూ అందుకోలేదు. మళ్లీ పాడి, మళ్లీ ఆగాను.

"ఎవలి కోసం చూస్తున్నవ్ బిడ్డా?" అంది టీచర్ గోడతోనే. పిల్లలు గొల్లున నవ్వారు.

తర్వాత మల్లమ్మ, యాలాల్ దిక్కు గొర్రెలు కాచే ఇంటి పిల్ల. శ్లోకాలు రావు కాబట్టి, కాగ్నా నది అవతలి ఒడ్డున మందతో ఉన్న తండ్రిని పిలిచే పిలుపునే రాగం తీసింది. టీచర్ గిరుక్కున వెనక్కి తిరిగింది. నా పాటకు తిరగని మనిషి!

"గీ పిల్ల పోతది. మాటలు నువ్వు నేర్పు. నేర్పే గుణం నీకున్నది" అంది నాతో. ఆ గుణం ఎవరిక్కావాలి?

రోజూ మధ్యాహ్నం వరండాలో ఒక్కో పాదం చెప్పి ఆగుతూ నేర్పాను. ఏ ప్రాణినీ ద్వేషించనివాడే భగవంతుడికి ఇష్టుడనే శ్లోకానికి మల్లమ్మ అర్థం అడిగింది. చెప్పాను.

"గట్లనా? మరి నా మొఖం దిక్కు చూస్తలేవేంది, సేటు బిడ్డా?"

"జర తప్పులేకుంట అను" అన్నాను.

పోటీ రోజు టీచర్ మమ్మల్నిద్దరినీ రైల్లో తీసుకెళ్లింది. వేదిక మీద మల్లమ్మ మొదటి పాదం పాడి, ఆగింది. నా దగ్గర నేర్చుకుంది కదా, ఆగడం కూడా శ్లోకంలో భాగమే అనుకుంది. కళ్లు నాకోసం వెతికాయి. నా అసూయ కంటే నా అలవాటే ముందు లేచింది, పాదం అందుకున్నాను. నా పక్కవాళ్లు, ఆపైన హాలంతా అందుకుంది. పోటీలో ఒక్క గొంతే ఉండాలన్నది నియమం కాబట్టి బహుమతి వేరే బడికి పోయింది. బయట మాత్రం అందరూ "ఎవలి బిడ్డ?" అని మల్లమ్మనే చుట్టుముట్టారు.

ఇప్పుడు మా ఇంట్లో భజన లేదు. గుళ్లో స్పీకరు పాడుతుంది. పాదం చివర నేను ఆగినా అది ఆగదు. మొన్న శనివారం గుడి మెట్ల మీద ఎవరో ఫోన్లో వీడియో చూపించారు. మల్లమ్మ అత్తగారి ఊరు కుల్కచర్లలో భజన. జుట్టు నెరిసిన మల్లమ్మ చిడతలతో ఒక పాదం పాడి, సరిగ్గా మా నానమ్మలా ఆగింది. ఊరంతా అందుకుంది.

స్వామీ, నా ఆగడం ఆమెకు ఇప్పించావు. ఆమె గొంతులో కొంచెమైనా నాకు ఇవ్వలేకపోయావా?