రంగు మారిన చోట్లు

రిటైరయ్యాక కూడా ఆయన కుడికాలు కుదురుగా ఉండేది కాదు. వీధిలో హారను మోగితే చాలు, కుర్చీలో కూర్చున్నవాడల్లా లేని బ్రేకును నేల మీద వెతికేవాడు. బస్సు నడిపినన్నాళ్లూ కాలికి పని, చేతికి స్టీరింగు, పెదవికి సిగరెట్టు. మొదటి రెండూ పోయాయి. మూడోది మానమని కడుపుతో ఉన్న కూతురు పట్టుబట్టింది.

"ఆ వాసన వస్తే నా బిడ్డని నీ ఒళ్లో పెట్టను నాన్నా. తర్వాత నీ ఇష్టం."

అన్న మాట వెనక్కి తీసుకునే పిల్ల కాదు. అచ్చం తండ్రి పోలిక.

ఆ రోజు నుంచి గదిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గదిలోకి. కాలుగాలిన పిల్లిలా తిరిగే మనిషిని చూడలేక భార్య తన క్రోషా సూదీ, ఊలు ఉండలూ ఆయన చేతిలో పెట్టింది.

"గచ్చు అరిగిపోతోంది. పుట్టబోయేవాళ్లకి దుప్పటి అల్లండి."

వేళ్లు మొరాయించాయి, తర్వాత లొంగాయి. రంగు మార్చడం మాత్రం కొరుకుడు పడలేదు. పాత రంగుతో కుట్టు ముగించి, అప్పుడు కొత్త ఊలు కలిపేవాడు. కొత్త కుట్టు నెత్తిన పాత రంగు మచ్చలా మిగిలేది.

"కుట్టు పూర్తయ్యేదాకా ఆగకండి. చివరి మెలిక సూది మీద ఉండగానే పాతది వదిలేసి కొత్తది లాగాలి."

"గేరు మార్చినట్టా?"

"ఏదో ఒకటి. ఇంటిని గుద్దకుండా నడపండి."

అది పట్టుబడ్డాక ఆయనకో దారి దొరికింది. మనసు సిగరెట్టు మీదికి లాగినప్పుడల్లా, వరస మధ్యలో ఉన్నా సరే, రంగు మార్చేవాడు. నీలం వదిలి పసుపు, పసుపు వదిలి ఆకుపచ్చ. ఆ ఒక్క మెలిక లాగేంతసేపు ఊపిరి బిగబడితే కోరిక పక్కనుంచి దూసుకుపోయేది. మళ్లీ ఇంకో మలుపులో ఎదురొచ్చేది.

ఒకనాడు పాత కండక్టరు గుమ్మంలో నిలబడి నవ్వాడు. "ఏం గురూ, స్టీరింగు వదిలి ఊలు ఉండ పట్టావా? టీకొట్టు దాకా పోయొద్దాం రా. ఒక్కటంటే ఒక్కటి."

"నీకు టిక్కెట్టు లేదు, దిగు," అన్నాడు తలెత్తకుండా. ఎరుపు అందుకున్నాడు.

కాన్పయ్యాక ఆసుపత్రి నుంచి కూతురు బిడ్డతో నేరుగా ఇక్కడికే వచ్చింది. అప్పటిదాకా ఆయన బిడ్డను దూరం నుంచే చూశాడు. ఇప్పుడూ గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కాళ్లు మార్చుకుంటూ. కూతురు దుప్పటిని ముక్కుకు ఆనించుకుంది. ఉత్త ఊలు వాసన. మెల్లగా విప్పి చూసింది.

"ఇక్కడేంటి నాన్నా, రెండు కుట్లకో రంగు? ఇంత గందరగోళం?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. భార్యే చెప్పింది. "సిగరెట్టు గుర్తొచ్చినప్పుడల్లా రంగు మారుస్తారే మీ నాన్న. నిన్ను కాన్పు గదిలోకి తీసుకెళ్లాక, బయట బెంచీ మీద అల్లిన ముక్క అది."

కూతురు ఆ చోటంతా వేలితో తడిమింది. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, బిడ్డను ఒళ్లో పెట్టింది.

కుడికాలు నేలను వెతికింది. ఛాతీలో మళ్లీ అదే లాగుడు. అలవాటుగా సూది కోసం చూశాడు. చేతులు రెండూ ఖాళీగా లేవు.

ఆయన ముఖం చూసి భార్య చేతులు చాచింది. "ఇటివ్వండి, నేనెత్తుకుంటా."

"ఉండవే," అన్నాడు ఊపిరి బిగబట్టి, "కాస్త దాటిపోనీ."