తల దించని పాఠం

ఝరాసంగం నుంచి జహీరాబాద్ వెళ్లే షేర్ ఆటోలో నా ఎదుట ఒక అత్తా కోడలూ కూర్చున్నారు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఆ రోజే కోడలికి ఇంటర్వ్యూ. నేను ఇంగ్లీషు టీచర్నని తెలిసి ఆ అమ్మాయి అడిగింది: "మేడం, ఇంటర్వ్యూల యాటిట్యూడ్ మంచిగుండాలె అంటున్నరు. మా ఊర్ల గా మాట పొగరున్నోళ్లకే అంటరు. మరి ఎట్లుండాలె?"

"తలెత్తి, నిటారుగా కూర్చుని, కళ్లలోకి చూస్తూ మాట్లాడాలి," అన్నాను తేలిగ్గా.

అమ్మాయి తల ఇంకా దించుకుంది. అత్త ముందు అలా కూర్చోవడం ఆ ఇంట్లో లేదని నాకప్పుడు తట్టింది.

దారిలో ఒకరు దిగడానికి ఆటో ఆగినప్పుడు అత్త లేచి నా పక్కకొచ్చి కూర్చుంది. "నేనే సార్ననుకో. నన్ను జూస్కుంట చెప్పు, నీ పేరేంది?"

కోడలు మెల్లగా తలెత్తింది. పేరు చెప్పి, మళ్లీ దించబోయింది.

"దించకు," అంది అత్త. "ఇంటికొచ్చినంక గూడ దించకు. దించితే ఈ అలవాటు తప్పుతది."