ఓటు తీసేసిన గొంతు

షుగరు వైద్యానికి మార్గదర్శకాలు రాయాలని మూడూళ్ల డాక్టర్లు ప్రొద్దుటూరులో ఒక కమిటీ వేసుకుని, రోగుల తరఫున నన్ను పిలిచారు. నేను లేకపోతే కమిటీయే లేదన్నారు. అంటే, ముందు పిలిచిన ఇద్దరూ రామన్నారు.

నాకు కావలసింది ఒకటే. పాత చవక మాత్రనే మొదట ఇవ్వాలని రాయాలి. పులివెందులలో మా చెల్లెలు దాన్నే సగానికి విరిచి మింగుతూ నెట్టుకొస్తోంది. కొత్త ఖరీదు మాత్ర ముందుకొస్తే వైద్యమే మానేస్తుంది.

మందుల కంపెనీలతో ఎవరికి లావాదేవీలున్నాయో పట్టడానికి కృత్రిమ మేధను పెట్టారు. అది ఫోన్‌లో తెలుగులోనే అడుగుతుంది, మనం చెప్పాలి. సంబంధం తేలితే ఓటు లేదు. అడిగే ఆడగొంతు మహా మర్యాదగా ఉంది. అంత మర్యాదను నేను నమ్మను. అయినా ఉబ్బిపోయాను.

"కొత్త మందు తెస్తే కంపెనీలోళ్లు ముందు నన్నడిగే పోతారమ్మా."

ఫలితం వచ్చింది. డాక్టర్లందరూ కడిగిన ముత్యాలు. నాకొక్కడికే ఓటు లేదు.

జమ్మలమడుగు డాక్టరు ముసిముసిగా నవ్వాడు. కొత్త మాత్ర ఏజెన్సీ ఆయన బామ్మర్ది పేరు మీద ఉంది. ప్రారంభం రోజు పూజలో పీటల మీద కూర్చున్నది మాత్రం డాక్టరు దంపతులు. మా వైపు పీటల మీద ఎవరు కూర్చుంటే అంగడి వాళ్లది. ఆ భోజనానికి నేనూ వెళ్లాను. యంత్రానికి పిలుపు అందలేదు.

లేచాను.

"అబద్ధం చెప్పినానప్పా. మా ఇంటికి కంపెనీవోళ్లు కాదు, కేబులోడు గూడా రాడు."

"మళ్లా ఎందుకు చెప్పినావు మామా?" అన్నాడు డాక్టరు.

"నన్ను అడిగేటోళ్లు లేక. సరే, నాది అయిపాయ. నువ్వు గూడా పీటల సంగతి దానికి చెప్పు సామీ."

"అది బామ్మర్ది యాపారం."

"ఆ మాటే చెప్పు. ఏమంటాదో ఇందాం."

అందరూ చూస్తుంటే చెప్పక తప్పలేదు. ఆయన ఓటూ పోయింది. నాది మాత్రం తిరిగి రాలేదు. పూటకో మాట చెప్పేవాణ్ణి లెక్కలోకి తీసుకోరట.

ఇద్దరం వరండాలో కూర్చున్నాం. ఆ గొంతును తయారుచేసిన వాళ్లకు ఏ కంపెనీతో సంబంధముందో ఎవరూ అడగలేదు. ఆ మాటే అంటే, డాక్టరుకూ అదే అనుమానమట.

లోపల పాత మాత్రే నెగ్గింది. చెల్లెలికి ఫోన్ చేశాను.

"నేనే గెలిపించినా."

"ఓటేసినావా అన్నా?"

"లే. బయట కూచోబెట్టినారు. ఇంగ మాత్ర విరగ్గొట్టొద్దు."

"యాడ విరుస్తాండా? పూరాగా మింగుతాండా."

అదీ మా ఇంటి పిల్లే. నేను నమ్మలేదు.