ఒకే గూటానికి రెండు తాళ్లు

మా మున్షీ పోయాడని శుక్రవారం పొద్దున ఆయన అల్లుడు సైకిలు మీద వచ్చి వాకిట్లో నిలబడి చెప్పాడు. ఎప్పుడని, ఎలాగని అడగాల్సిన వాణ్ణి, "నాతో ఒక్క మాటైనా చెప్పకుండా పోయినాడా" అన్నాను. ఆ అల్లుడు బిత్తరపోయి చూశాడు. ఏడాదిన్నరగా మా ఇద్దరికీ మాటలు లేవు. ఎప్పుడో ఒకరోజు ఆయనే మాట కలుపుతాడని, నేను మాత్రం ముందుగా దిగిరాకూడదని మొండికేసి కూర్చున్నాను. ఆయన దిగిరాలేదు. అసలు దిగిరావలసింది ఎవరో ఇది చదివాక మీరే చెప్పండి.

మాది కదిరిలో బావుల కాంట్రాక్టు. నాయన కాలం నుంచి చుట్టుపక్కల పల్లెల్లో బావులు తవ్వించడం, ఎండిన బావులకు లోతు తీయించడం మా పని. మున్షీ పుట్టింది గార్లదిన్నె పక్కన. పాతికేళ్ల వయసులో మా నాయన దగ్గర రాతపనికి చేరాడు. అప్పటికి నేను బడికి పోతున్నాను. మామా అని పిలిచేవాణ్ణి. చేరిన నెలలోనే ఒక అలవాటు పెట్టాడు. ఏ బావి తవ్వుతున్నా గట్టు మీద చతికిలబడి, ఎన్నో మట్టులో ఏం తగిలిందో రాసుకునేవాడు. మట్టు అంటే ఒక మనిషి నిలువు. మొదటి మట్టు ఎర్రమన్ను, రెండో మట్టు గరుసు, మూడో మట్టు సగంలో మెత్తరాయి, దక్షిణం గోడకు చెమ్మ. ఇలా సాగేది ఆ రాత. ఎండాకాలంలో మళ్లీ నడిచిపోయి, ఆ బావి ఏ నెలలో అడుగంటిందో కూడా రాసుకొచ్చేవాడు.

పుస్తకం తెరిచి ఉంటే దాని దరిదాపుల్లో మంచినీళ్ల చెంబు పెట్టనిచ్చేవాడు కాదు. మధ్యాహ్నం రొట్టె తినేశాక, చుట్టి తెచ్చిన కాగితాన్ని విప్పి అటూ ఇటూ చదివి చూసి కాని పారేసేవాడు కాదు, పొరపాటున అందులో ఏ బావైనా పోతోందేమోనని. ఈ చాదస్తానికి నాయన మొదట్లో నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. పక్క చేలో పదేళ్ల కిందట ఏం తగిలిందో తెలిసినవాడికి ఈ చేలో గడ్డపార ఎక్కడ వేయాలో కొంతైనా తెలుస్తుంది. ఈ కరువు సీమలో రైతు ఎద్దుల్ని అమ్ముకుని బావి తవ్విస్తాడు. తప్పిందంటే మళ్లీ కోలుకోలేడు. అందుకే వెతుక్కుంటూ మా దగ్గరకే వచ్చేవాళ్లు. గడ్డపారలు ఎవరైనా కొనుక్కోవచ్చు, ఆ పుస్తకాలు మాత్రం మా ఒక్కరికే ఉండేవి.

ఒకసారి కొయ్యపెట్టెకు చెదలు పట్టి తొలి పుస్తకంలో ముప్పై బావుల వివరాలు పొడి అయిపోయాయి. అప్పటికి నాయన మంచం పట్టాడు, వ్యవహారం నా చేతికొచ్చింది. మిగిలిన పుస్తకాలను దేంట్లో, ఎక్కడ, ఎలా దాచాలి అన్నది నేను తీసుకున్న మొదటి పెద్ద నిర్ణయం. మున్షీ వారం రోజులు నా చెవినిల్లు కట్టుకుని పోరాడు.

"ప్రతి బుక్కుకూ నకలు రాస్తానప్పా. ఆ నకలు ఈడ వద్దు. గార్లదిన్నెలో మా అక్కది బండలు పరిచిన ఇల్లు. ఆడ పెడదాం."

"మన గుట్టు తీసుకపోయి ఊరవతల పెడతావా మామా? ఎవుడైనా చూస్తే?"

"చూస్తే చూడనీ. ఎవుడో చూస్తాడని భయమా, మనకే లేకుండా పోతాదని భయమా? ఏది పెద్దదో నువ్వే చెప్పు."

నాకు మొదటి భయమే పెద్దది. మా పోటీ కాంట్రాక్టరు ఆ పేజీలు తిప్పుతున్నట్టు కళ్లకు కట్టేది. సరే, నకలు పెన్సిలుతో రాస్తానన్నాడు. అదీ నాకు నచ్చలేదు. పెన్సిలు రాత బడిపిల్లల రాతలా ఉంటుంది, ఎవడైనా చెరిపేస్తాడు, సిరాతోనే రాయమన్నాను.

"చెరిపేటోడు వస్తే తలుపు మూస్తాం. తడి తగిలితే సిరా నిలబడదు."

"ఈ సీమలో తడి యాడుంది మామా? ఉంటే మనల్ని బావులు తవ్వమని ఎవురు పిలుస్తారు?"

అక్కడున్న పనివాళ్లంతా ఘొల్లున నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వి, సిరాబుడ్డి తెచ్చుకుని, నేను చెప్పినట్టే రాశాడు.

చివరికి బళ్లారి నుంచి ఇనుప అలమార తెప్పించాను. నిలువెత్తుది, ఆకుపచ్చ రంగుది. మా వీధిలో అటువంటిది ఎవరికీ లేదు. పై అరలో అసలు పుస్తకాలు, కింది అరలో నకళ్లు పెట్టి, తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాను. చూడవచ్చిన వాళ్లంతా భేష్ అన్నారు. మున్షీ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. బావిలోకి దిగేవాడి నడుముకు రెండు తాళ్లు కడతాం. ఆ రెండింటినీ గట్టు మీద పాతిన వేరువేరు గూటాలకు బిగిస్తాం, ఒకటి ఊడినా మనిషి నిలబడాలని.

"రెండు తాళ్లూ ఒకే గూటానికి కట్టినావు కదప్పా" అన్నాడు.

నేను విననట్టు ఊరుకున్నాను. ఆయన మాత్రం ఊరుకోలేదు. అమావాస్య నాడు మాలో ఎవరూ గడ్డపార పట్టరు. ఆ సెలవు రోజున నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, నకలు నన్ను చదవమని, అసలు తను చూసుకునేవాడు. "చదివి చూడని నకలు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే" అనేవాడు. గరుసు, మెత్తరాయి, గరుసు, బండ అని చదివి చదివి నాకు ప్రాణం విసిగిపోయేది. ఆ విసుగులోనే నాకు ఈ నేల గురించి తెలిసిందంతా తెలిసింది. ఆ మాట ఆయనతో ఎన్నడూ అనలేదు.

తర్వాత మూడేళ్లు వానలు లేవు. మాది మట్టి మిద్దె. ఏడాదికోసారి పైన చవుడుమన్ను పరిచి తొక్కించకపోతే పగుళ్లు తీస్తుంది. చుక్క రాలని ఊళ్లో చవుడు తోలించేవాణ్ణి చూస్తే జనం నవ్వుతారు. వీధిలో ఎవరూ తోలించలేదు, నేనూ తోలించలేదు. మున్షీ రెండుసార్లు గుర్తు చేశాడు. "ముందు వాన రానీ మామా" అన్నాను.

నాలుగో ఏడు పుబ్బ కార్తెలో వచ్చింది. ఊరంతా వీధిలోకి వచ్చి తడిసింది. నేను చొక్కా విప్పి గంతులేశాను. రెండు రోజులు ఆగకుండా కురిసింది. మూడోనాడు మున్షీ వచ్చి "అలమార తెరిచి చూసినావా" అని అడిగేదాకా నాకు దాని ధ్యాసే లేదు. మిద్దె సరిగ్గా దాని నెత్తిన కారింది. తలుపు సందులోంచి ఎర్రనీళ్లు లోపలికి దిగి, బయటికి పోయే దారిలేక అడుగున నిలిచిపోయాయి. పై అరలో బురదముద్ద. కింది అర ఆ నీళ్లలోనే నానుతోంది. సిరా అంతా కరిగి, ఏ పేజీ తిప్పినా నీలం మరకే. అసలూ పోయింది, నకలూ పోయింది, ఒకే దెబ్బకు.

మున్షీ ఒక్క మాట అనలేదు. పుస్తకాలు ఒక్కొక్కటే తీసి వాకిట్లో ఎండకు పరిచాడు. చెప్పినానా లేదా అని ఒక్కసారి అరిచి ఉంటే నేనూ నాలుగు అరిచి తేలికపడేవాణ్ణి. అది కూడా దక్కనివ్వలేదు.

ఆ మరుసటి ఎండాకాలం నరసమ్మ వచ్చింది. కదిరికి నాలుగు మైళ్లలో ఒక పల్లె ఆమెది. మొగుడు పోయాక నాలుగెకరాల చేను, ఒక కూతురు మిగిలారు. ఆ చేలో బావి నాయన హయాంలో మేము తవ్విందే. ఐదు మట్ల కింద బండ తగిలి ఆగిపోయింది. ఇప్పుడు చుక్క లేదు. లోతుకు పోలేం కనుక గోడలో పక్కకు తొలిచి చూడాలి. ఆమెకున్న తాహతు ఒక్క పక్క తొలిపించడానికే. అది తప్పితే చేను అమ్ముకోవాలి.

"ఆ పొద్దు గోడకు యాడనో చెమ్మ కనపడిందని మా ఇంటాయన చెప్తాండె. ఏ పక్కనో మీ బుక్కులో ఉంటాది గదా, చూసి చెప్పప్పా" అంది.

బుక్కు పోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మున్షీ వైపు చూశాను.

"నాకు గుర్తు లేదమ్మా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పక్కకు లాక్కుపోయి, "నీ చేత్తో రాసినావు, గుర్తు లేకుండా యాడికి పోతాది? ఏదో ఒకటి చెప్పు మామా" అన్నాను.

"గుర్తున్నట్టే ఉండాది. అట్ల ఉంటే చాలదు. ఆమెకుండేది ఒక్క దెబ్బే."

"తెల్దంటే మన పేరేం గావాల?"

"తెల్దంటే పేరు పోతాది. తప్పు చెప్తే ఆమె చేను పోతాది."

నేను వెనక్కి వచ్చి, గొంతు సవరించుకుని, "ఈశాన్యం పక్క తొలిపించక్కా" అన్నాను. ఈశాన్యం అంటే ఎవరూ అనుమానపడరు. నరసమ్మ దండం పెట్టి పోయింది. పన్నెండు అడుగులు తొలిచాక నల్లబండ తగిలింది. ఆ ఏడు తల్లీ కూతురూ వేరేవాళ్ల శెనక్కాయ చేలల్లో కూలికి పోయారు. ఆమె చేను కొనడానికి పక్క రైతు కాచుకుని కూర్చున్నాడు.

ఆలోగా మున్షీ పుస్తకాలు మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. బావి బావికీ నడిచి, తవ్వినవాళ్లను వెతికి పట్టుకుని, ఈసారి పెన్సిలుతో. ఒక ప్రతి మా ఇంట్లో, ఒకటి గార్లదిన్నెలో. ఎవరి బావి కాగితం వాళ్ల చేతికీ ఒకటి. నేను నోరెత్తలేదు. ప్రతి వరుస చివర కొత్తగా ఒక గడి గీశాడు, ఎవరు చెప్పారు అని. నరసమ్మ బావి తవ్విన మేస్త్రి సోమందేపల్లెలో కొడుకు దగ్గర ఉన్నాడని విని బస్సెక్కి పోయాడు. పడమటి గోడ అన్నాడట మేస్త్రి. అది చాలక, అప్పట్లో మన్ను మోసిన ముసలామెను వేరుగా అడిగాడు. ఆమె కూడా పడమరే అంది. అప్పుడు నా దగ్గరకు వచ్చాడు.

"పడమట తొలిపిద్దామప్పా. మనుషుల్ని ఇయ్యి. తప్పు మనది."

"తప్పు మనదని ఊరంతా చాటుతావా? రేప్పొద్దున ప్రతోడూ వచ్చి నిలబడతాడు."

ఆయన పుస్తకం నా ముందుకు జరిపాడు. నరసమ్మ వరుసలో ఉంది: ఈశాన్యం, పన్నెండు అడుగులు, బండ. చివరి గడిలో నా పేరు. ఒంటికాలి మీద లేచాను. చెరిపెయ్యమన్నాను. పెన్సిలు రాతే కదా, క్షణం పట్టదు.

"చెరిపితే ఇంకొకడు మళ్లీ ఆడనే తవ్వుతాడు" అన్నాడు.

నా మాట వినని వాడు నా దగ్గర పని చెయ్యనక్కర్లేదన్నాను. టోపీ సర్దుకుని, చెప్పులు తొడుక్కుని, వాకిట్లో మా అమ్మకు చెప్పి మరీ వెళ్లిపోయాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. అంత మెత్తగా మాట్లాడే మనిషి, నా దగ్గర ఆ ఒక్కసారైనా గట్టిగా పోట్లాడి ఉండొచ్చు. పోట్లాడితే వినేవాణ్ణా అని అడక్కండి.

ఆ శుక్రవారం సాయంత్రం, ఖబరస్తాన్‌లో ఆయనకు మట్టి ఇచ్చి వచ్చి ఆయన ఇంటి ముందు కూర్చున్నాను. లోపల ఆడవాళ్ల మధ్య, గోడవారగా నరసమ్మ కనపడింది. బయటికి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఎల్లుండి ఆదివారం వస్తానన్యాడు."

"యాడికి?"

"బావికాడికి. ఇంగ యాడికి?"

ఏడాదిగా ప్రతి ఆదివారం పోతున్నాడట. ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన పేరెత్తితేనే నేను మొహం తిప్పుకుంటాను కనుక ఎవరూ నాతో అనలేదు. నరసమ్మ గడ్డపార వేస్తే ఆయన కొలత రాసేవాడట, ఆమె అలిసిపోతే ఆయనే వేసేవాడట, కూతురు మన్ను ఎత్తి పోసేదట. కలం కన్నా బరువైనది ఎత్తని మనిషి, అరవై దగ్గరపడ్డాక. ఆ చేను ఇంకా అమ్మలేదు. ఈ పంటకాలం లోపల నీళ్లు రాకపోతే అమ్మేస్తానంది.

మర్నాడు నలుగురు పనివాళ్లతో పోయాను. పోయినందుకు నన్నెవరూ మెచ్చుకోవద్దు, ఆయన బతికుండగా పోలేదు. మెట్లు దిగాను. పడమటి గోడలో మనిషి వంగి దూరేంత సొరంగం. అడుగు అడుక్కీ ఒక గీత, పక్కన అంకె. తొమ్మిది దాకా ఉన్నాయి. పాకుతూ పోయి చివరి రాతి మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. చెయ్యి తీసి చూసుకున్నాను. అది తడో, నా చెమటో తెలియలేదు. పంచెకు తుడుచుకుని మళ్లీ ఆనించాను.

"ఏముండాదప్పా?" పైనుంచి నరసమ్మ అరిచింది. వెనక్కి పాకి సొరంగం మొదట్లోంచి తలెత్తి చూస్తే గట్టు కనపడింది. ఆమె, కూతురు, పనివాళ్లు అందరూ వంగి చూస్తున్నారు.

నీళ్లున్నాయనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంతో సులువైన మాట.

"తెల్దక్కా" అన్నాను. "నాకు తెల్దు. తవ్వితేగాని చెప్పలేను."

 పైన తాడు కదిలిన చప్పుడైంది. నరసమ్మ గడ్డపారను నా దగ్గరకు దించుతోంది.