ఎదుటోని కేసు చెప్పుమన్న వకీలు

మొన్న కోర్టుల ఉండంగ ఫోనొచ్చింది, మా పక్క ఆఫీసు పెద్ద వకీలు పోయిండని. అన్నం తిని కుర్చీల ఒరిగిండట, మళ్ల లేవలే. దవాఖానా మొకం సూడలే, ఎవ్వరితోని చాకిరి చేయించుకోలే. మీకు నిజం చెప్తున్న, నాకు ముందుగాల ఏడుపు రాలే, కుళ్లొచ్చింది. పోవుడు గూడ ఎంత సాఫుగ పోయిండు సూడున్రి అనుకున్న. ఏడుపు తర్వాతొచ్చింది.

ఉప్పల్‌ల మా ఇద్దరి ఆఫీసులకు నడుమ ఒక్కటే గోడ. నేను పేరున్న కాలేజీల చదివిన, కోటు ఇస్త్రీ నలగనియ్య. ఆయన నాచారంల ఫ్యాక్టరీ గుమాస్తాగ చేస్కుంట సాయంత్రం కాలేజీల లా చదివిండు. అయినా భాగస్తులు కొట్లాడుకున్నా, సరుకు తీస్కున్నోడు మొండికేసినా, చిక్కుపడ్డ వ్యాపార కేసులన్నీ నా గుమ్మం దాటి ఆయన గుమ్మమే ఎక్కుతుండె. కడుపు మండదా మరి?

ఆయనకొక పద్ధతుండె. వచ్చినోన్ని కూసోబెట్టి, చాయ్ తాగించి, "నీ కేసు తర్వాత. ముందుగాల ఎదుటోని కేసు వాడు చెప్పినట్టే నువ్వు చెప్పు" అంటుండె. ఫీజిచ్చేది నేనైతే వాని పాట పాడుడేందని కొందరు లేచి పోతుండిరి. మిగిలినోళ్ల వకాలత్ మీదనే సంతకం పెడుతుండె. ఈ పిచ్చోని దుకాణం ఎన్నొద్దులు నడుస్తదని గోడవతల నేను నవ్వుతుంటి.

ఒక్కసారి ఎదురెదురు పడ్డం. నాచారంల రబ్బరు సామాన్ల ఫ్యాక్టరీ, బావ బామ్మర్దులు భాగస్తులు. బావ ఆయన క్లయింటు, బామ్మర్ది నా క్లయింటు. బావ ఫ్యాక్టరీల అడుగు పెట్టొద్దని నేను ఆర్డర్ తెచ్చిన, మిఠాయి గూడ పంచిన. తెల్లారి ఆయనే నా గదికొచ్చి, నీ మనిషిని తోల్కొని జర రా తమ్మీ, చాయ్ తాగుదం అన్నడు. గెలిచినోన్ని, నాకేం ఫికర్ అని పోయిన. నా క్లయింటును గూడ గదే అడిగిండు. వాడు నవ్వుకుంట మొదలుపెట్టిండు:

"నేను బావను. మొదటి మిషన్ కొననీకె నా భార్య పుస్తెలతాడు అమ్మింది..."

ఆడ్నే ఆగిపోయిండు. ఆ భార్య వాని సొంత అక్క. కొన్నొద్దులకే ఇద్దరు రాజీ అయిన్రు, ఒక్క షెడ్డులనే మళ్ల పని మొదలుపెట్టిన్రు. నా ఆర్డర్ ఫైల్లనే పడుంది.

ఇప్పుడు నేను గూడ వచ్చినోళ్లను గట్లనే అడుగుతున్న. నేర్పింది ఆయనే, ఆ రుణం తీరేది గాదు. అయితే నా ముంగట వాళ్లు ఎదుటోని కేసు గడగడ చెప్పేస్తరు, ఎవ్వరు ఆగరు. ఎందుకో నాకు ఇప్పటికి తెల్వదు.

పాడె ఎత్తంగ తలదిక్కు ఆ బావ బామ్మర్దులే ఉన్నరు. జర సేపు నేను భుజమిస్తనని దగ్గరికి పోయిన. నా క్లయింటు మర్యాదగనే అన్నడు, "మీకెందుకు సార్ తిప్పల. మా అన్నను మేం మోస్తం."

ఆయన మొకం మీద ఎండ పడుతుంటే, వాడు రెండో చేత్తోని తువాల అడ్డం పట్టుకుంట నడిచిండు. నేను ఎనక నడిచిన. వాన్ని గెలిపిచ్చింది నేను.