సిస్టరమ్మకు నచ్చని నవల

మా వాడ సిస్టరమ్మ మొన్న తెల్లవారుజామున పోయారు. "నిద్రల్నే పోయింది, ఎవల్ని తిప్పలవెట్టలే" అన్నాడు కబురు తెచ్చిన చర్చి వాచ్‌మన్. బెల్లంపల్లిలో ఎందరి గాయాలకో కట్లు కట్టిన మనిషి, తన కోసం ఎవరి చేతా మంచినీళ్ళయినా తెప్పించుకోలేదు.

నర్సు ఉద్యోగం నుంచి రిటైరై ఏళ్ళు గడిచినా ఆమె మాకు సిస్టరమ్మే. చర్చి పక్క గదిలో మేం యువకులం పెట్టుకున్న పుస్తకాల బీరువాకు ఆమెను మించిన పాఠకులు లేరు. చదివేటప్పుడు పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కతో కింది వరుసలు మూసి, ఒక్కో వరుసా దించుకుంటూ పోయేవారు. ఎందుకలా అంటే, "కండ్లు ఉరుకుతయి కొడుకా, మనసు ఎనుకవడ్తది" అనేవారు. నేను రాసే కరపత్రాలనూ అట్లాగే చదివేవారు. ఒకటి ముగించి, "ప్రజలు ప్రజలని మస్తు రాసినవ్. గిండ్ల ఒక్క మనిషి లేడేందిరా?" అన్నారు. కోపంతో ఆమె పోసిన చాయ్ ముట్టకుండా లేచిపోయాను. మర్నాడు పిలిచి రెండు కప్పులు ముందు పెట్టారు. నిన్నటిదొకటి, ఇవాళటిదొకటి.

ఈ చలికాలం మొదట్లో బీరువాలోకి ఒక యువ రచయిత్రి కొత్త నవల తెచ్చాను. ఇంట్లో చెప్పకుండా రైలెక్కి వెళ్ళిపోయే పదిహేడేళ్ళ అమ్మాయి కథ. చదువుతుంటే నా నెత్తురు మరిగింది. మా వాడలో ఇంటర్ చదివే ఒక పిల్ల దాన్ని ఇంటికి తీసుకుపోయింది. బొగ్గుబావిలో పనిచేసే వాళ్ళ బాపు అది చూశాడు. కాలేజీ బంద్ అన్నాడు. పుస్తకం పట్టుకొని మా గదికొచ్చి, బీరువాకు తాళం వెయ్యమన్నాడు. నేను బల్ల గుద్దాను. ఆయన చొక్కా చేతులు మడిచాడు.

మా మధ్యకు సిస్టరమ్మ వచ్చారు. బావిలో కప్పు కూలి కాలు విరిగినప్పుడు ఆస్పత్రిలో ఆయనను కనిపెట్టుకొని ఉన్నది ఆమే. ఆమె మాట కాదనలేడు. తాను చదివి ఆదివారం చెప్తాననీ, మంచిది కాదనిపిస్తే తాళం తానే వేస్తాననీ అన్నారు. ఆ పిల్ల చదువు ఒక ముసలామె అభిప్రాయం మీద వేలాడింది.

రోజూ సాయంత్రం వెళ్ళి చూసేవాణ్ణి. ఫిల్ము మెల్లగా దిగుతూనే ఉండేది. శనివారం పుస్తకం మూసి, నచ్చలేదన్నారు.

"రైలెక్కింది గదా, ఆకలైతె ఏం తిన్నది? జరమొస్తె ఎవలు చూసిండ్రు? తండ్రేమో కొడ్తడు, తిడ్తడు. డ్యూటీకి పోతడా, బుక్కెడు తింటడా, ఒక్క ముక్క లేదు. రాసిన పిల్ల సగమే చూసింది."

రేపు ఈ మాట అనొద్దని బతిమాలాను. ఆ పిల్ల బతుకు ఏమవుతుందని అరిచాను. మీరూ వాళ్ళ పక్షమేనన్నాను. ఆమె అద్దాలు తుడుచుకుంటూ, అబద్ధం చెప్పి కాలేజీకి పంపిస్తే నిజం తెలిసిన రోజు మళ్ళీ ఇంట్లో కూర్చోబెడతాడని మాత్రం అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక గదిలో చేరాం. కుర్చీలో ఆయన, తలుపు దగ్గర ఆ పిల్ల, గోడకానుకొని నేను. సిస్టరమ్మ నాతో అన్నవన్నీ అన్నారు, ఒక్కటీ దాచలేదు. ఆయన తాళం కోసం చేయి చాచాడు. పిల్ల తల ఎత్తలేదు.

"తాళం సంగతి తర్వాత. నువ్వు మొత్తం చదివినవా తమ్మీ?"

ఒక్క పేజీయే చదివానన్నాడు, తండ్రి కొట్టే పేజీ. తర్వాత నేల చూపులతో, "గది చదువుకుంట నా బిడ్డ ఏడుస్తుండె సిస్టరమ్మా. నన్నే రాసినట్టు అనిపిచ్చింది" అన్నాడు.

"గా పుస్తకంల పిల్ల చెప్పకుంట పోయింది" అన్నారు సిస్టరమ్మ. "నీ బిడ్డ రోజు టిఫిన్ డబ్బ పట్టుకొని, పోయొస్త బాపూ అని చెప్పి పోతది. చెప్పకుంట పోయే రోజు నువ్వు తేకు."

తాళం వెయ్యలేదు. నచ్చని పుస్తకాన్ని కూడా మూసెయ్యొద్దని, దానితో కొట్లాడాలని అన్నారు. కొట్లాడాలంటే మొత్తం చదవాలి గనుక, నవలను ఎక్స్‌రే ఫిల్ముతో సహా ఆయన చేతిలో పెట్టారు. సోమవారం పొద్దున కాలేజీకి పోతూ ఆ పిల్ల బస్టాండులో కనబడింది.

నాకు మాత్రం ఆమెతో పేచీ తీరలేదు. ఆ నవల గొప్పదేనని నేను ఇప్పటికీ అంటాను. చాయ్ పోసి, కాదనడానికి ఆమె లేరు.

నిన్న సమాధుల దగ్గర్నుంచి తిరిగొస్తూ ఆ పిల్ల ఇంటి ముందు ఆగాను. మట్టి వేసి నాకంటే ముందే వచ్చినట్టున్నాడు, ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో నవల. ఇంకా సగం దాటలేదు. నన్ను చూడలేదు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. పేజీ మీద నల్ల ఫిల్ము ఒక వరుస కిందికి జరిగింది, ఆగింది, మళ్ళీ జరిగింది.